గుమ్మడాకు చొచ్చొరి ఎందుకు ముద్దవుతోంది?

ప్రశ్న: పెరట్లో గుమ్మడి పాదు విపరీతంగా అల్లుకుపోయింది. కాయలు ఇంకా పడలేదు గానీ ఆకుకి లోటు లేదు. బెంగాలీలు ఈ ఆకుతో చేసే చొచ్చొరి (నీరు ఇగిరేదాకా వండే కలగూర) ఒకసారి స్నేహితురాలింట్లో తిన్నాను, చాలా నచ్చింది. నేను చేస్తే మాత్రం నీళ్ళు ఊరి ముద్దయింది, ఆకు గొంతులో గరుగ్గా తగిలింది, పైగా చేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను? చిగుళ్ళు కోసేస్తే కాయలు తగ్గిపోతాయేమోనని టెన్షన్ కూడా ఉందండీ.

జవాబు: ముందు ఆ టెన్షన్ వదిలేయండి. తీగ కొస తుంచితే పక్క నుంచి కొత్త రెమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా ఆ రెమ్మల మీదే పూస్తాయి. అలాగని ఒకే రోజు పాదంతా బోడి చేయకండి, పిందె పట్టిన తీగని ముట్టుకోకండి. మందు కొట్టినదీ, తెల్లగా బూడిద తెగులు పట్టినదీ కూరకి పనికిరాదు.

గరుకు అంటారా, మీరు ముదురాకు కోసుంటారు. కొస నుంచి జానెడు, మహా అయితే జానెడున్నర, అంతవరకే. కాడ వేళ్ళతో విరిస్తే టప్పున విరగాలి. విరిగిన చోట పైపొర పట్టుకుని కిందికి లాగితే నారా, దానిమీది నూగూ కలిసి ఊడొస్తాయి. ఆకు వెనక లావు ఈనెలకీ ఇదే పని, గట్టిపడిన నులితీగలు పారేయడమే. విసుగు పనే, కానీ ఇది ఎగ్గొడితే తర్వాత ఎంత మసాలా వేసినా లాభం లేదు. ఇంకో సంగతి, చాలామంది కాడలు పారేసి ఆకు మాత్రమే వండుతారు. చొచ్చొరిలో రుచంతా కాడలోనే ఉంటుంది, వేలెడు పొడవు ముక్కలు చేసి వేయండి.

చేదు ఆవముద్ద వల్ల వచ్చి ఉంటుంది. నల్లావాలు కాసేపు నానబెట్టి, ఉప్పూ పచ్చిమిర్చీ కలిపి, గబగబా నూరి ఆపేయాలి. మిక్సీలో అదేపనిగా తిప్పితే చేదెక్కుతుంది, పొయ్యి మీద ఎక్కువసేపు ఉడికినా అంతే. సగం తెల్లావాలు కలిపితే ఘాటు కాస్త తగ్గుతుంది. ఒకవేళ పచ్చి ఆకు కొసే నాలుకకి విపరీతమైన చేదుగా తగిలితే మాత్రం ఆ పాదు ఆకుగానీ కాయగానీ తినొద్దు.

ఇక వండడం. పావు కిలో ఆకూ కాడలకి ఒక బంగాళదుంప, ఒక వంకాయ, కాస్త గుమ్మడికాయ, ఉంటే ముల్లంగి, అన్నీ నిలువు ముక్కలే. మూడు చెంచాల ఆవనూనె సన్నగా పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించి, గుప్పెడు బొరీలు (పప్పు వడియాలే) ఎర్రగా వేయించి తీసేయండి. అదే నూనెలో ఎండుమిర్చి, పాంచ్ ఫొరోన్. అంటే జీలకర్ర, మెంతులు, సోంపు, కలోంజీ, ఐదోది రాధునీ గింజలు (వాము జాతివి), అవి దొరక్కపోతే ఆవాలు. మెంతులు మాడనివ్వకండి, అదో చేదు. గట్టి కూరలు ముందు, తర్వాత కాడలు, వంకాయ, పసుపు, చివర్లో ఆకు. ఉప్పు కూడా ఆకు కుంగాకే, లేకపోతే గిన్నెడు ఆకు చూసి వేసిన ఉప్పు పిడికెడు కూరకి మిగులుతుంది.

నీళ్ళు పోయకండి! మీ ముద్దకి కారణం అదే అయ్యుంటుంది. మూత పెడితే ఆకులోని నీళ్ళే సరిపోతాయి, దుంప ఉడికాక మూత తీసేసి ఆ నీరంతా ఇగరనివ్వాలి, గరిటెతో కెలకకుండా గిన్నె పట్టుకుని కుదపాలి. అప్పుడు రెండు చెంచాల ఆవముద్ద, చిటికెడు పంచదార, నలిపిన బొరీలు వేసి, రెండు నిమిషాల్లో అడుగు కొంచెం పట్టే వాసన రాగానే దింపేయండి. ఆ కాస్త అడుగంటడం కావాలనే.

ప్రశ్న: ఇందులో ఉల్లి, వెల్లుల్లి వేయాలా?

జవాబు: అక్కర్లేదు. బెంగాల్లో వీటి పొత్తు లేకుండా చేసే నిరామిష్ (శాకాహార) వంటల్లో ఇదీ ఒకటి. చేపలు తినేవాళ్ళు పులస తలకాయో, చిన్న రొయ్యలో వేయించి కలుపుతారు, అది వేరే రుచి. మధ్యాహ్నం వేడన్నంలో, చేపల కూర వడ్డించకముందే తింటారు.

అన్నట్టు, కాయ కట్టని మగపూలు కూడా వదలకండి. లోపలి కేసరం తీసేసి, బియ్యప్పిండీ శనగపిండీ కలిపిన పిండిలో ముంచి వేయిస్తే కరకరలాడతాయి. పరాగానికి నాలుగు పూలు పాదు మీద ఉంచితే చాలు.