లాన్యార్డ్ అంటే ఐడీ కార్డు ట్యాగు ఒక్కటే కాదు

తమ్ముడూ, రాయగడ ఫ్యాక్టరీ లిస్టులో "లాన్యార్డ్ 40" అని చూసి ఐడీ కార్డు ట్యాగులకు రేటు రాసిచ్చానని, వాళ్లు నవ్వి తిప్పి పంపారని రాశావు. దాని పైవరసలో సేఫ్టీ బెల్టులున్నాయని నువ్వే చెప్పావు. జవాబు అక్కడే ఉంది.

వాళ్లడిగింది ఎత్తు మీద పనిచేసేవాళ్లు వేసుకునే తాడు. ఒక కొస బెల్టు రింగుకి, రెండో కొస కొక్కెంతో గట్టి దూలానికి. మామూలుగా రెండు మీటర్లు దాటదు. తాడు ఎంత పొడుగైతే మనిషి అంత కిందికి పడతాడు మరి. కొన్నిటికి మడతపెట్టి కుట్టిన పట్టీ ఉంటుంది. పడినప్పుడు కుట్లు తెగుతూ సాగి కుదుపు తగ్గిస్తుంది. అది ఉన్నదా, లేనిదా ఏది కావాలో ముందే అడుగు. ఐఎస్ 3521 అని, అంటే సేఫ్టీ బెల్టులకు మన దేశపు నాణ్యతా ప్రమాణం నంబరు, ఉన్న సరుకే తీసుకో. సంతలో నైలాన్ తాడు కొని ముడేసి ఇచ్చేవు, ప్రాణాలతో పని!

మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, అక్కడ లానియేర్ అంటే తోలుపట్టీ. తెరచాప ఓడల్లో తాళ్లు బిగించే చిన్న తాడు, ఫిరంగి పేల్చడానికి లాగే తాడు, స్కౌట్ల ఈల తాడు, అన్నిటికీ ఇదే పేరు.

తెలుగులో "మెడతాడు" అని మాత్రం బిల్లులో రాయకు. పలుపో, పుస్తెలతాడో అనుకుంటారు! స్కూళ్లకైతే ట్యాగు, ఫ్యాక్టరీకి సేఫ్టీ బెల్టు తాడు. మన బరంపురం కొట్లలో ఒడియా వాళ్లకు మెడలో వేసుకునేదైతే ఫితా అన్నా అర్థమవుతుంది.