జీడీపీ యుద్ధంలో పుట్టిందా?

ప్రశ్న: సార్, జీడీపీ లెక్క యుద్ధంలోంచి పుట్టిందని మా లెక్చరర్ గారు అన్నారు. నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: సగం నిజం తల్లీ. జీడీపీ అంటే ఏడాదిలో దేశంలో తయారైన సరుకులు, సేవల మొత్తం విలువ. అమెరికాలో సైమన్ కుజ్నెట్స్ అనే ఆర్థికవేత్త జాతీయాదాయం లెక్కలు సెనేట్‌కి ఇచ్చింది 1934లో. అప్పటి బాధ యుద్ధం కాదు, మహామాంద్యం, అంటే 1930ల్లో వ్యాపారాలు, ఉద్యోగాలు కుప్పకూలిన కాలం. ఆ లెక్కకి ఇవాళ్టి రూపం తెచ్చింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధమే.

బ్రిటన్ సంగతి చూడు. ఫ్యాక్టరీలు రాత్రింబవళ్లు విమానాలు, ట్యాంకులు చేస్తున్నాయి. కార్మికుల చేతిలో డబ్బు ఆడుతోంది, కొట్లో సరుకు లేదు. ధరలు మండిపోవూ మరి? జీతంలో కొంత ఇప్పుడు పట్టుకుని, యుద్ధం అయ్యాక తిరిగివ్వండని 1940లో బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ ఓ చిన్న పుస్తకం రాశాడు. ఎంత పట్టుకోవాలి? అది తేలాలంటే దేశం మొత్తం ఎంత ఉత్పత్తి చేస్తోందో, అందులో ఎవరెంత ఖర్చు పెడుతున్నారో తెలియాలి. ఆ పద్దు జేమ్స్ మీడ్, రిచర్డ్ స్టోన్ అనే ఆర్థికవేత్తలు కట్టారు. 1941 బడ్జెట్‌తో పాటే అచ్చయింది. (పట్టుకున్న డబ్బు పూర్తిగా తీర్చేసరికి 1970లు వచ్చాయి. సర్కారు బాకీ కదా!)

నాకు ఇష్టమైన ఘట్టం వేరే ఉంది. ఆయుధాల ఖర్చును జాతీయాదాయంలోంచి తీసేస్తే బాగుంటుందని కుజ్నెట్స్ యుద్ధానికి ముందే అన్నాడు. 1942లో అమెరికా వాణిజ్య శాఖ వేసిన లెక్కలో మాత్రం తుపాకులతో సహా సర్కారు ఖర్చంతా ఉత్పత్తిగానే చేరింది. అప్పట్లో దాని పేరు జీఎన్‌పీలే (స్థూల జాతీయోత్పత్తి). పరీక్షలో ఈ తగాదా కూడా రెండు ముక్కలు రాయి, మార్కులు పడతాయి.