వేల ఇళ్లున్న ప్రాంతంలో భూకంపానికి ఏవి నిలబడతాయో ఎలా తేలుస్తారు?

ఒక ప్రాంతంలోని ఇళ్లన్నిటికీ భూకంప ముప్పు అంచనా వేయాలంటే ప్రతి ఇంటికీ ఇంజినీరు వెళ్లి లెక్కలు కట్టాల్సిందేనా అని అడిగారు. అక్కర్లేదు, అది అయ్యే పని కూడా కాదు. స్ట్రక్చరల్ ఇంజినీరుగా ఇలాంటి సర్వేల్లో పనిచేశాను, అందులో చూసింది చెబుతాను.

ముందు ఇళ్లను రకాలుగా విడగొడతాం. మట్టి గోడలవి, మట్టితో పేర్చిన రాతి గోడలవి, సిమెంటుతో కట్టిన ఇటుక గోడలవి, లింటెల్ బ్యాండ్ (తలుపులు, కిటికీల పైన గోడలన్నిటినీ చుట్టి కట్టే కాంక్రీటు పట్టీ) ఉన్నవి, పిల్లర్లు బీములతో లేపినవి. యూరప్‌లో వాడే ఈఎంఎస్-98 స్కేలులో వీటికి ఏ నుంచి ఎఫ్ దాకా తరగతులు ఉంటాయి. ఏ అంటే అన్నిటికంటే బలహీనం. నష్టానికి 1 నుంచి 5 దాకా గ్రేడ్లు. ఫలానా స్థాయిలో నేల ఊగితే ఏ తరగతిలో ఎంత భాగం ఇళ్లు ఏ గ్రేడు దాకా దెబ్బతింటాయన్నది పాత భూకంపాల్లో జరిగినదాన్ని బట్టి కడతారు. 1993 లాతూరు భూకంపం మాగ్నిట్యూడ్ సుమారు 6.2. ప్రపంచంలో అంతటి భూకంపాలు ఏటా చాలానే వస్తాయి. అక్కడ మాత్రం మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, పైన బరువైన మట్టి కప్పులు, తెల్లవారుజామున జనమంతా నిద్రలో ఉన్న సమయం. వేల మంది చనిపోయారు.

తర్వాతిది వీధి సర్వే. దీన్ని ర్యాపిడ్ విజువల్ స్క్రీనింగ్ అంటారు. అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫీమా 1988లో తెచ్చిన ‘ఫీమా 154’ పద్ధతి బాగా వాడుకలో ఉంది. ఇంటి రకానికి ఒక మూల స్కోరు ఇచ్చి, ఆకారం వంకరగా ఉంటే, నేల మెత్తగా ఉంటే, భూకంప నిబంధనలు రాకముందు కట్టినదైతే తగ్గించుకుంటూ పోతాం. మామూలుగా 2కి తక్కువ వస్తే ఆ ఇంటిని లోతుగా చూడాలి.

కాగితం మీద తేలికే గానీ సర్వే మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడే తేలుతుంది. ముందు వైపు నుంచి చూసి ఫారం నింపే కుర్రాళ్లుంటారు, వాళ్ల ఫారాలు నేను నమ్మను. వెనక్కి వెళ్తే గానీ తర్వాత లేపిన అంతస్తు కనబడదు. రోడ్డు వైపు గోడలు తీసేసి షట్టర్లు పెట్టారేమో చూడాలి. నున్నటి ప్లాస్టరింగ్ వెనక ఉన్నది రాయో ఇటుకో ఇంటివాళ్లకే గుర్తుండదు, కట్టిన మేస్త్రీ దొరికితే అదృష్టం. ఎప్పుడు కట్టారని అడిగితే కూల్చేస్తారేమో, పన్ను పెంచుతారేమో అన్న టెన్షన్‌తో తోచింది చెప్పేవాళ్లూ ఉంటారు. అందుకే పైఅంతస్తు ఎప్పుడు వేశారని విడిగా, మామూలు మాటల్లో అడగడం మేలు.

అన్నిటికంటే ముందు నేను చూసేది కింది అంతస్తు. పైన గదులకు గోడలుండి, కింద పార్కింగ్ కోసం ఉత్త పిల్లర్లే వదిలితే ఊగుడంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. 2001 భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో ఇలాంటి అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావరకు పాతవి కావు. ఇంటి వయసొక్కటే చూసి మార్కులు వేయకూడదనేది అందుకే.

ఎక్కడ నేల మెత్తనో, ఎక్కడ గట్టిదో చూపే నేల మ్యాపు లేకుండా ఇదంతా సగం పనే. 1985లో మెక్సికో సిటీకి భూకంప కేంద్రం 300 కిలోమీటర్లకు పైగా దూరం. పాత చెరువు మట్టి మీద ఉన్న భాగంలో నేల నెమ్మదిగా, చాలాసేపు ఊగింది. ఆ ఊపుకు దగ్గరగా ఊగే 6 నుంచి 15 అంతస్తుల భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి, పొట్టి ఇళ్లు చాలావరకు నిలిచాయి.

ఇళ్ల వివరాలు, నేల మ్యాపు కలిపి ముప్పు మ్యాపు వచ్చాక జనం అడిగే ప్రశ్న ఒకటే: మా వీధి ఎరుపులో, అంటే ముప్పు ఎక్కువ ఉన్న రంగులో ఉంది, మా ఇల్లు పడిపోతుందా? మ్యాపు అది చెప్పదు. ఆ రకం ఇళ్లలో ఎంత శాతం దెబ్బతినవచ్చో చెబుతుంది. ఆసుపత్రుల్లో ఎన్ని పడకలు కావాలి, ఎంత డబ్బు కావాలి, ఏ వీధుల్లో ముందు బలపరచాలి అన్న నిర్ణయాలకు అది చాలు. మీ ఒక్క ఇంటి సంగతి తెలియాలంటే డ్రాయింగులు, పిల్లర్లలో ఇనుము, రింగుల దూరం, కాంక్రీటు పటుత్వం విడిగా పరీక్షించుకోవాలి. పచ్చ రంగు వీధిలో ఉన్నా అంతే.

మీరే సర్వే మొదలుపెడుతుంటే ఒక సలహా: ముందు కొన్ని వీధుల్లో అవే ఇళ్లను ఇద్దరు సర్వేయర్లతో వేర్వేరుగా నింపించండి. స్కోర్లు బాగా తేడా వస్తే శిక్షణ సరిపోలేదని అర్థం. అది సరిచేశాకే మిగతా ప్రాంతానికి వెళ్లండి.