పాతరకు మొక్కజొన్న ఎప్పుడు కోయాలి?

ప్రశ్న: పోయినేడు మా సైలేజ్ (గుంతలో పాతరేసిన పచ్చిమేత) కంపు కొట్టింది, గేదెలు ముట్టలేదు. గుంత అడుగున నీళ్లూ కారాయి. ఈసారి కోత ఎప్పుడు పెట్టుకోవాలండీ?

జవాబు: నీళ్లు కారాయంటే బాగా పచ్చిమీద కోసేశారు. మొదటేడు నేనూ అలాగే తొందరపడ్డాను. కంకిని మధ్యకు విరిచి గింజలు చూడండి. గింజ పైనుంచి దిగే పసుపు రంగు గింజలో సగం దాటితే కోతకొచ్చినట్టే. మేతలో తేమ 65-70 శాతం ఉండాలి. నరికిన మేతను గుప్పిట్లో గట్టిగా పిండితే చెయ్యి తడవాలి గానీ రసం కారకూడదు. ముక్క 1-2 సెంటీమీటర్లు చాలు.

అసలు పనంతా తొక్కించడంలోనే ఉంది. పలుచగా పరుస్తూ ట్రాక్టర్‌తో తొక్కించండి, గుంత నిండగానే కప్పేయండి. గాలి మిగిలిన చోటల్లా బూజే. ఆ బూజు మేత పారేయండి, చూడి గేదెలకైతే అసలు వద్దు. నాలుగు వారాలైనా తెరవకండి.