పాఠకుల ప్రశ్నలు: అమ్ముకోలేని భూమి సొంతమేనా?

ప్ర: మా తాతకు ప్రభుత్వం రెండెకరాల మెట్టకు డి-పట్టా (పేదలకు సాగుకిచ్చే ప్రభుత్వ భూమి పట్టా) ఇచ్చింది. నలభై ఏళ్లకు పైగా మేమే దున్నుతున్నాం, అమ్మే హక్కు మాత్రం లేదంటున్నారు. అమ్ముకోలేనిది సొంతం ఎట్లవుతుంది? పేదవాడి చేతులు కట్టేయడమేనా సోషలిజం?
- ఒక రైతు, ఉదయగిరి

జ: సొంతం అనేది ఒక్క హక్కు కాదు, ఐదారు పురులు పేనిన మోకు. దున్నుకోవడం, పరాయివాణ్ణి రానీయకపోవడం, బిడ్డలకు ఇవ్వడం, తాకట్టు, అమ్మకం. డి-పట్టాలో మొదటి మూడూ మీవే. తాకట్టు బ్యాంకులోనో సహకార సంఘంలోనో పెట్టుకోవచ్చు, వడ్డీ వ్యాపారి దగ్గర కుదరదు. అమ్మకాన్ని 1977 నాటి అసైన్డ్ భూముల (ఇలా ప్రభుత్వం పేదలకిచ్చిన భూముల) చట్టం నిషేధించింది. రెండేళ్లు వానలు మొహం చాటేసి, మూడో ఏడు ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చిపడితే మెట్ట రైతు చేతి నుంచి ముందుగా జారేది భూమే. ఆ జారుడును ఆపాలన్నదే చట్టం ఉద్దేశం.

సొంత ఆస్తిని సమర్థించిన ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ వాదం ఇక్కడ మీ పక్షానే ఉంది. శ్రమ కలిపినవాడిదే నేల, అయితే ఇతరులకూ చాలినంత మంచి నేల మిగలాలి అన్నాడాయన. రాళ్లు ఏరి, కంప కొట్టి సాగులోకి తెచ్చిన మీకంటే ఆ మాట ఎవరికి ఎక్కువ వర్తిస్తుంది? సమాజం బతుకుతెరువుకని ఇచ్చిన నేల సరుకు కాకూడదన్నది సోషలిస్టుల జవాబు. అదీ తోసేయదగ్గది కాదు. కానీ జరిగిందేమిటి? నిషేధం అమ్మకాలను ఆపలేదు, ధరను పడగొట్టింది. చట్టం ప్రకారం అధికారులు కొన్నవాణ్ణి ఖాళీ చేయించి, భూమిని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇవ్వొచ్చు. ఆ భయాన్ని కొనేవాడు ధరలోంచే కోసుకున్నాడు. తెల్లకాగితం మీద రాసిచ్చిన పేదవాడికి చేతికొచ్చింది కొద్దిపాటే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నిషేధం తప్పు కాదు, నిషేధించి అప్పు దారి చూపకపోవడం తప్పు.

2023లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టాన్ని సవరించి, అసైన్‌మెంట్ జరిగి 20 ఏళ్లు దాటిన అసలు పట్టాదారులకు, వారి వారసులకు అమ్మే హక్కు ఇచ్చారు. 2024లో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. కాబట్టి ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకముందే నాలుగు పనులు చేయండి. తహసీల్దారు కార్యాలయంలో అసైన్‌మెంట్ రిజిస్టరు నకలు అడగండి, పట్టా తేదీ తేలేది అక్కడే. రెవెన్యూ రికార్డులైన అడంగల్, 1-బి లో ఎవరి పేరుందో చూడండి. తాత పేరే ఉంటే ముందు వారసత్వ మార్పిడి చేయించండి, చాలామంది చిక్కుకునేది ఇక్కడే. చివరగా సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందో లేదో సబ్ రిజిస్ట్రారు దగ్గర కనుక్కోండి.

ప్ర: పెన్నా ఆయకట్టులో కౌలుకు వరి వేస్తున్నాను. పంట పోతే పరిహారం భూమి ఉన్నవారికే పోతోంది. ఇదేం న్యాయం?
- కౌలు రైతు, కోవూరు

జ: న్యాయం కాదు. నష్టం మోసినవాడికే పరిహారం చేరాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకుని సాగుదారు హక్కు కార్డు తీసుకోవచ్చు. దానికి యజమాని సంతకం కావాలి, అసలు చిక్కు అదే. కార్డు పంట మీద హక్కే ఇస్తుంది, భూమి మీద కాదు. ఆ మాట చట్టంలోనే ఉందని చూపించి అడగండి.

ప్ర: ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాదా? పరిశ్రమకో పోర్టుకో అసైన్డ్ భూమి తీసుకుంటే ఏమీ రాదా?
- ఒక విద్యార్థి, ఒంగోలు

జ: కాదు. 1978 నాటి 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల నుంచి తీసేసి 300-ఎ అధికరణంగా ఉంచింది: చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదు. 2013 భూసేకరణ చట్టంలో అసైన్డ్ పట్టాదారూ భూ యజమానే, కాబట్టి పరిహారం ఆయనకూ రావాలి. మూడేళ్లుగా అక్కడే ఆధారపడి బతుకుతున్న కౌలుదారులు, కూలీలు కూడా బాధిత కుటుంబాల కింద వస్తారు. ప్రాథమిక నోటిఫికేషన్ (భూమి తీసుకుంటామన్న తొలి ప్రకటన) వెలువడిన 60 రోజుల్లోపు అభ్యంతరాన్ని కలెక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి.