సరళ హరాత్మక చలనంలో ‘సరళ’ ఏమిటి?

సందేహం: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం తెలుగు మీడియంలో చదువుతోంది. ‘సరళ హరాత్మక చలనం అంటే ఏమిటి?’ అన్న ప్రశ్నకు ‘సరళరేఖ మీద ముందుకూ వెనక్కీ సాగే చలనం’ అని రాసింది. తప్పని కొట్టేశారు, ఎందుకో చెప్పలేదట. సరళరేఖలో ఉన్న ‘సరళ’ కాదా ఇది? ‘హరాత్మక’ అంటే ఇంట్లో ఎవరికీ తెలియలేదు. లోలకం డోలనం చేస్తుందంటూనే దాని ‘కంపన పరిమితి’ కనుక్కోమంటారు. ఇక పౌనపున్యం అనే మాట నోరే తిరగడం లేదు. పరీక్షలంటే పిల్లకు టెన్షన్‌గా ఉంది. కాస్త విడమరచి చెప్పండి.
– ఒక తల్లి, తిరుపతి

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి జవాబు తప్పే. అయినా దాన్ని ఊరికే కొట్టేయడం నాకు బాధ కలిగించింది. తెలిసిన మాటను పట్టుకుని తెలియని మాటకు దారి వెతుక్కుంది ఆ పిల్ల. ఆ దారి ఎక్కడ తప్పిందో చూపిస్తే పాఠం సగం వచ్చేసినట్టే.

‘సరళ’ సంస్కృతపు మాట. తిన్ననిది అనే అర్థం ఉంది, సులువైనది అనే అర్థమూ ఉంది. మన వ్యాకరణంలో గ జ డ ద బ లను సరళాలంటాం. ‘పూచెన్ కలువలు’ కాస్తా ‘పూచెను గలువలు’ అయినప్పుడు కకారం పోయి వచ్చింది సరళమే. ఒకే మాట ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా పలుకుతుంటే ఏది ఎక్కడ తీసుకోవాలి? దాని ఎదురుమాట ఏదో చూడమని నేను మా విద్యార్థులకు చెబుతుంటాను. సరళరేఖకు ఎదురు వక్రరేఖ, కనుక అక్కడ సరళ అంటే వంపు లేనిది. గ జ డ ద బ లకు ఎదురు పరుషాలు, కనుక అక్కడ మెత్తనిది. మరి సరళ హరాత్మక చలనానికి ఎదురు? పలు కదలికలు కలగలిసిన సంకీర్ణమైన చలనం. అందుకని ఇక్కడ ‘సరళ’ అంటే కలగలుపు లేనిది, ఒంటిది.

భౌతికశాస్త్రం ఒప్పుకునే అర్థం కూడా ఇదే. ఫోరియర్ అనే ఫ్రెంచి గణితవేత్త వేడి ఎలా పాకుతుందో వివరిస్తూ 1822లో ఒక గ్రంథం అచ్చు వేయించారు. పదేపదే అదే తీరున తిరిగివచ్చే ఎంత చిక్కైన కదలికనైనా సరళమైన కదలికల మొత్తంగా విడదీసి చూపవచ్చన్న పద్ధతికి అది పునాది. నాదస్వరం ఊదినా వీణ మీటినా వచ్చే ధ్వనిలో అలాంటి కదలికలు ఎన్నో కలిసి ఉంటాయి. ల్యాబులో శ్రుతిదండాన్ని (ట్యూనింగ్ ఫోర్కును) మెల్లగా తట్టి చూడండి, దాదాపు ఒంటి కదలికే వినిపిస్తుంది.

తిన్నగా సాగడం ఈ చలనానికి గుర్తు కాదని చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. బంతి నిట్టనిలువుగా నేల మీద పడి లేస్తుంటుంది. ఎత్తు తగ్గకుండా ఎగురుతూనే ఉందనుకుందాం. దాని దారి సరళరేఖే, తిరిగి తిరిగి వస్తుంది కూడా. అయినా అది సరళ హరాత్మకం కాదు, ఎందుకంటే గాల్లో ఉన్నంతసేపూ బంతిని లాగే బలం మారదు. ఇప్పుడు ఒక పళ్లేన్ని నడిమధ్యలో తీగకు వేలాడదీసి, కాస్త మెలితిప్పి వదలండి. అది అటూ ఇటూ తిరుగుతుందే గానీ ఏ రేఖ మీదా పోదు. అయినా అది సరళ హరాత్మకమే. అసలు గుర్తు బలంలో ఉంది. వస్తువు నడిమి స్థానం నుంచి ఎంత దూరం జరిగితే అంత గట్టిగా, ఎప్పుడూ ఆ స్థానం వైపే లాగే బలం ఉండాలి. రెండింతలు జరిగితే లాగుడూ రెండింతలు కావాలి. దీన్నే పుస్తకాల్లో పునఃస్థాపక బలం అంటున్నారు. ఎంత చక్కని మాట! పాత చోటికి తెచ్చి నిలబెట్టేది అని పేరులోనే ఉంది. ఆ అర్థం చెప్పకుండా బట్టీ పట్టిస్తే మాత్రం అదీ పిల్లలకు రాయిలా తగులుతుంది.

‘డోలనం’ అన్న మాటకు మీరు తిరుపతిలో ఉండి వెతుక్కోనక్కర్లేదు. కొండమీద అద్దాల మండపంలో ఉభయదేవేరులతో మలయప్పస్వామిని ఊయలలో ఉంచి ఊపే సేవను డోలోత్సవం అంటారు. ఊంజల్ సేవ అన్నా అదే. డోల అంటే ఊయల, డోలనం అంటే ఊగడం. ‘ఆందోళన’ కూడా ఈ కుదురులోదే. మనసు అటూ ఇటూ ఊగితే ఆందోళన, మీ అమ్మాయి టెన్షన్ అంటున్నది దాన్నే. ఊంజల్ పలకను ఈసారి జాగ్రత్తగా చూడమనండి. నాలుగు గొలుసులూ ఒకే పొడవున ఉంటాయి కాబట్టి పలక ఒరగకుండా నేలకు సమాంతరంగానే పోయి వస్తుంది. గొలుసు 2 మీటర్లనుకుంటే ఒకసారి పోయి రావడానికి సుమారు 2.8 సెకన్లు పడుతుంది. పలక మీద ఎంత బరువుందన్నది లెక్కలోకి రాదు, గొలుసుల పొడవే లెక్క. అయితే ఊపు చిన్నదిగా ఉన్నంతవరకే ఇది సరళ హరాత్మకం. అప్పుడే వెనక్కి లాగే బలం జరిగిన దూరానికి దాదాపు తగినట్టుగా పెరుగుతుంది. చింతచెట్టుకు కట్టిన ఉయ్యాలను తాడు అడ్డంగా వచ్చేదాకా ఊపితే సమయం దాదాపు 18 శాతం పెరుగుతుంది. అది డోలనమే, సరళ హరాత్మకం మాత్రం కాదు.

‘హరాత్మక’ గణితం నుంచి వచ్చింది. భిన్నంలో కింద ఉండేది హరం. 1, 1/2, 1/3, 1/4 అని సాగే వరుసలో హరాలే క్రమంగా పెరుగుతాయి కాబట్టి అది హరాత్మక శ్రేఢి. ఈ వరుస వీణ తీగ మీదా ఉంది. తీగలో సగం పలికితే తారస్థాయి షడ్జమం, మూడో వంతు పలికితే తారస్థాయి పంచమం. పడమటివాళ్లు స్వరమేళనానికి వాడే ‘హార్మనీ’ అన్న మాట నుంచే హార్మానిక్ అనే పేరు తెచ్చుకున్నారు. మనవాళ్లకు హరం అన్న పాత మాట అర్థంలోనూ ధ్వనిలోనూ దానికి సరిగ్గా కుదిరింది. ఆ కూర్పు చేసినవారిని తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. కాకపోతే భౌతికశాస్త్రంలోకి వచ్చాక హరాల సంగతి వెనకబడి, పేరు మాత్రం మిగిలింది. ఊయల కదలికలో పిల్లలు హరాన్ని వెతికితే దొరకదు.

కంపనం అంటే వణుకు. తీగ, శ్రుతిదండం లాంటివి చిన్నగా, వడిగా కదిలితే కంపనం అనీ, ఊయల, లోలకం లాంటివి కంటికి ఆనేలా ఊగితే డోలనం అనీ అనడం తెలుగుకు సహజం. శాస్త్రం దృష్టిలో రెండూ ఒక జాతివే, అందుకే నడిమి స్థానం నుంచి ఒక పక్కకు జరిగే గరిష్ఠ దూరానికి పెట్టిన కంపన పరిమితి అన్న పేరును లోలకానికీ వాడేశారు. నాకైతే లోలకం దగ్గర ‘డోలన పరిమితి’ అంటేనే బాగుంటుంది. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న మాటే రాయమనండి. లోలకం మీకు కొత్తదేమీ కాదు. చెవులకు వేలాడే లోలాకులూ అదీ ఒక ఇంటివే.

చివరి మాట ‘పౌనపున్యం’ కాదమ్మా, పౌనఃపున్యం. ‘పునః పునః’ అంటే మళ్లీ మళ్లీ. ఆ జంట నుంచి పుట్టింది కాబట్టి నడుమ విసర్గ ఉండాలి. సెకనుకు ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ జరిగిందో అదే పౌనఃపున్యం. పునః, పునః అని రెండుసార్లు విడిగా పలికించి, ఆ తర్వాత కలిపి పలికించండి, నోరు తిరుగుతుంది. దారానికి తాళంచెవి కట్టి 25 సెంటీమీటర్ల పొడవున వేలాడదీసి, మెల్లగా ఊపి, పదిసార్లు పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో ఆ పిల్లనే చూడమనండి. ఇంచుమించు 10 సెకన్లు వస్తుంది.