టెక్ సందేహాలు: పువ్వు ఎదురుగానే ఉంది, ఫొటోలోకి రావడం లేదు

వర్షాలు మొదలయ్యాక ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచీ, గోదావరి అవతల సిరొంచ నుంచీ వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పూల ఫొటోల గురించే. వాటిలో పదిమందికీ పనికొచ్చేవి ఇవి.

మా ఊరి పార్కు గడ్డిలో విష్ణుక్రాంతం పూలు విరగబూశాయి. ఫోన్ దగ్గరికి తీసుకెళ్తే పువ్వు మసకబారుతోంది, వెనక గడ్డి మాత్రం స్పష్టంగా వస్తోంది. నా ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ కెమెరాతో పాటు 2 మెగాపిక్సెల్ మాక్రో (బాగా దగ్గరి వస్తువులు తీసే కెమెరా) కూడా ఉంది. ఏది వాడాలి? – పర్లాకిమిడి

50 మెగాపిక్సెల్‌దే వాడండి, కానీ దూరం జరగండి. ప్రతి లెన్స్‌కూ ఇంతకన్నా దగ్గరైతే ఫోకస్ కుదరదనే హద్దు ఒకటి ఉంటుంది. లెన్స్ వెనక వెలుతురును పట్టే సెన్సర్ పెద్దదయ్యేకొద్దీ ఆ హద్దు కూడా దూరం జరుగుతుంది. ఇప్పటి ఫోన్ల ప్రధాన కెమెరాల్లో అది సుమారు 10 నుంచి 25 సెంటీమీటర్లు. మీరు 5 సెంటీమీటర్ల దగ్గర పెడుతున్నారు కాబట్టి ఫోకస్ వెనక గడ్డిమీదికి పోతోంది. ఒక జానెడు దూరంలో ఉంచి, 2ఎక్స్ నొక్కి, రేక మీద వేలితో తాకండి. అప్పటికీ పువ్వు చిన్నగా కనిపిస్తే తర్వాత క్రాప్ చేసుకోవచ్చు.

2 మెగాపిక్సెల్ మాక్రోలో చాలావాటికి ఫోకస్ కదలదు, దాదాపు 4 సెంటీమీటర్ల దగ్గర బిగించి ఉంటుంది. ఫోన్‌నే మిల్లీమీటర్ల లెక్కన ముందుకీ వెనక్కీ జరపాలి. అంత కష్టపడ్డా వచ్చేది 1600 × 1200 చుక్కల బొమ్మే, పైగా ఫోన్ నీడ పువ్వు మీదే పడుతుంది. అది ఉందని ఫోన్ కొనడం దండగ.

ఖరీదైన ఫోన్లలో కథ వేరు. దగ్గరికి వెళ్లగానే అవి తమంతట తామే అల్ట్రావైడ్ కెమెరాకు మారతాయి. ఐఫోన్ 13 ప్రో నుంచి వచ్చిన ప్రో ఫోన్లు ఇలా 2 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తాయి. ఈ మార్పు మీ చేతిలో ఉండాలంటే సెట్టింగ్స్‌లో కెమెరా కింద ‘మాక్రో కంట్రోల్’ ఆన్ చేయండి, తెరమీద చిన్న పువ్వు గుర్తు వస్తుంది.

క్లిప్ మాక్రో లెన్స్ కొనేవాళ్లు డబ్బా మీది ‘ఎక్స్’ అంకెను కాక డయాప్టర్ (కళ్లద్దాల పవర్ లాంటి కొలత) చూడండి. 100ని డయాప్టర్‌తో భాగిస్తే పువ్వుకు ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉండాలో దాదాపుగా తెలుస్తుంది: +10 అయితే 10 సెంటీమీటర్లు, +20 అయితే 5. పూలకు +10 చాలు. దాన్ని ప్రధాన కెమెరా మీదే సరిగ్గా మధ్యకు బిగించి, ఫోన్ వేరే కెమెరాకు మారకుండా ఆటో మాక్రోను ఆపేయండి.

ఎర్ర మందారం తీస్తే రేకల మీది ఈనెలు, మడతలు ఏవీ కనిపించవు. ఎర్ర రంగు ముద్దలా వస్తుంది. ఎడిటింగ్‌లో వెలుతురు తగ్గించినా లాభం లేదు. – రాయగడ

లాభం ఉండదు. ఆ వివరం ఫైల్లోకి ఎక్కనే లేదు. సెన్సర్‌లో సగం చుక్కలు ఆకుపచ్చ రంగును, పావు వంతు ఎరుపును, పావు వంతు నీలాన్ని పట్టుకుంటాయి. కెమెరా వెలుతురు కొలిచేటప్పుడు పచ్చకు ఎక్కువ విలువ ఇస్తుంది. మందారం మీద ఎండ పడితే పచ్చ, నీలం తక్కువగా, ఎరుపు విపరీతంగా ఉంటాయి. మొత్తం మీద చీకటిగా ఉందని కెమెరా అనుకుంటుంది, ఈలోగా ఎరుపు తన గరిష్ఠ అంకె 255ను తాకేస్తుంది. రేక అంతటా 255 ఉంటే ఈనె ఎక్కడ కనిపిస్తుంది? వలిసె చేలో పసుపుదీ ఇదే గొడవ, అక్కడ ఎరుపూ పచ్చా రెండూ నిండిపోతాయి.

తీసేటప్పుడే ఆపాలి. రేకను తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. ప్రో మోడ్ ఉంటే ఈవీని (ఫొటో వెలుతురును పెంచే, తగ్గించే అంకెను) −0.7 దగ్గర పెట్టండి, నడిఎండలో −1.0. ఆకులు నల్లబడతాయి, ఫరవాలేదు, ఎడిటింగ్‌లో షాడోస్ పెంచితే వాటి రంగు తిరిగి వస్తుంది. సీన్ ఆప్టిమైజర్, ఏఐ కెమెరా, వివిడ్ లాంటివి తప్పనిసరిగా ఆపండి. పువ్వును గుర్తుపట్టి రంగు పెంచడమే వాటి పని. రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) తీస్తే ఇంకొంత వివరం దక్కుతుంది, అయితే ఒక్కో ఫైలు 20 ఎంబీ దాటవచ్చు. వీటన్నిటికన్నా సులువైనది నీడ. తెల్ల గొడుగు ఒకటి ఎండకు అడ్డంగా పట్టండి. నల్ల గొడుగు వద్దు, రంగు గొడుగు అసలే వద్దు, దాని రంగు రేకల మీదికి దిగుతుంది.

మామిడి, వేప చెట్ల కింద తెల్ల పూలకు పచ్చ ఛాయ వస్తే వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెలుపుగా కనిపించేలా చేసే సర్దుబాటును) ఆటో నుంచి తప్పించి 6500 కెల్విన్ దగ్గర మొదలుపెట్టండి. పచ్చదనం ఇంకా మిగిలితే ఎడిటింగ్‌లో టింట్‌ను మెజెంటా వైపు కాస్త జరపండి.

గాలికి పూలు ఊగి ఫొటో అలుక్కుపోతోంది. పోర్ట్రెయిట్ మోడ్‌లో పెడితే కేసరాలు సగం మాయమవుతున్నాయి. – బరంపురం

ఒక చిన్న లెక్క చూడండి. కాడ సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో ఊగుతోందనుకుందాం. షట్టర్ 1/50 సెకను తెరిచి ఉంటే ఆ కాస్త సేపట్లో పువ్వు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పువ్వులో అది పావు వంతు! 1/500 పెడితే 0.2 మిల్లీమీటర్లే. అందుకని ప్రో మోడ్‌లో షట్టర్ 1/500, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 400 నుంచి 800. ఫొటోలో కాస్త గరుకుదనం వస్తుంది, అలుకుడు కన్నా అది వెయ్యి రెట్లు నయం. ఆటోలో ఉంటే ఫోన్ నాలుగైదు ఫ్రేములు కలిపి ఒక్క ఫొటో చేస్తుంది. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య పువ్వు కదిలితే రేకకు జంట అంచులు కనిపించేది అందుకే.

తెల్లవారి ఎండ ముదరకముందే వెళ్లండి, గాలి తక్కువగా ఉంటుంది. గాలి వచ్చే వైపు మీరే అడ్డంగా కూర్చోండి. పార్కు మొక్కలను దారంతో కట్టడం, కొమ్మ వంచడం మాత్రం చేయకండి.

పోర్ట్రెయిట్‌లో వెనక మసక అంతా లెక్కకట్టి పూసిందే. సన్నని కాడ, మందారం మధ్య పొడుచుకొచ్చే కేసరాల గుత్తి ఏది ముందో ఏది వెనకో ఫోన్‌కు అందదు, తుడిచేస్తుంది. ఆ మోడ్ మానేసి, వెనక కనీసం ఒక మీటరు ఖాళీ ఉన్న పువ్వును ఎంచుకుని, దాని ఎత్తుకు వంగి 2ఎక్స్ లేదా 3ఎక్స్‌లో తీయండి. టెలిఫొటో లెన్స్ ఉన్న ఫోన్లలో ఒక చిక్కుంది. దగ్గరి వస్తువుకు అది పనిచేయకపోతే ఫోన్ చెప్పకుండా ప్రధాన కెమెరాకు మారిపోతుంది. టెలి లెన్స్‌ను వేలితో మూసి చూడండి. తెరమీద బొమ్మ అలాగే ఉంటే మారిపోయినట్టే. అప్పుడు ఒకడుగు వెనక్కి వేయండి.

దేవమాలి వైపు కొండమీద చెట్టుకొమ్మకు పూసిన అడవి ఆర్కిడ్ దొరికింది. పేరు తెలుసుకోవాలంటే ఏ యాప్ వాడాలి? అక్కడ సిగ్నల్ ఉండదు. – కోరాపుట్

తీసేటప్పుడు సిగ్నల్ అక్కర్లేదు. జీపీఎస్ నెట్ లేకున్నా పనిచేస్తుంది, ఆకాశం కనిపించేచోట ఒకట్రెండు నిమిషాలు ఆగండి చాలు. ఇంటికొచ్చాక ఐనాచురలిస్ట్‌లోనో, ప్లాంట్‌నెట్‌లోనో పెట్టండి. ఒక్క పువ్వు ఫొటోతో ఏ యాప్ అయినా తడబడుతుంది. ఎదురుగా పువ్వు, పక్కనుంచి పువ్వు, ఆకు పైభాగం, ఆకులు కాడకు అమరిన తీరు, మొక్క మొత్తం, అది ఎక్కిన చెట్టు బెరడు – ఈ ఆరూ ఉంటే చూసేవాళ్లు నమ్మకంగా చెప్పగలరు. పార్కులో నాటిన మొక్కయితే ఐనాచురలిస్ట్‌లో ‘పెంచినది’ అని గుర్తు పెట్టడం మరవకండి, లేకపోతే అది అడవిలో పెరిగిందన్న తప్పు లెక్క నమోదవుతుంది.

మీరు అడగకపోయినా ఇది చెప్పాలి. అడవి ఆర్కిడ్లను కొమ్మతో సహా కోసుకుపోయేవాళ్లు ఉన్నారు, మీ ఫొటో ఫైల్లోని అక్షాంశ రేఖాంశాలు వాళ్లకు దారి చూపిస్తాయి. ఐనాచురలిస్ట్‌లో జియోప్రైవసీని ‘అబ్‌స్క్యూర్డ్’ చేయండి. అసలు చోటు మీకు కనిపిస్తుంది, ఇతరులకు 0.2 డిగ్రీల గడిలో, అంటే దాదాపు 22 కిలోమీటర్ల చదరంలో ఎక్కడో ఒక చుక్క కనిపిస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే లొకేషన్ చెరిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. ఐఫోన్ నుంచి పంపేటప్పుడు షేర్ తెరమీద ‘ఆప్షన్స్’ నొక్కి లొకేషన్ ఆపేయండి.

పాత డీఎస్ఎల్ఆర్, 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి. మాక్రో లెన్స్ కొనే స్తోమత లేదు. – సిరొంచ

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ కొనండి, అంటే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే బోలు గొట్టం. 50 ఎంఎం లెన్స్ వెనక 25 ఎంఎం ట్యూబ్ పెడితే పువ్వు సెన్సర్ మీద సగం సైజులో పడుతుంది, మోదుగ పువ్వుకు అది పుష్కలం. లోహపు కాంటాక్టులు ఉన్నదే తీసుకోండి. అవి లేని చవక ట్యూబ్‌తో అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే రంధ్రం) మీ అదుపులో ఉండదు. వెలుతురు ఒక స్టాప్‌కు పైగా, అంటే సగానికన్నా కిందికి తగ్గుతుంది కాబట్టి ఐఎస్ఓ పెంచి, అపర్చర్ ఎఫ్/8 దగ్గర తీయండి. దూరంలో ఉన్నవి ఫోకస్‌కు రావు, ట్యూబ్ తీసేస్తే మళ్లీ వస్తాయి.